సీతాకోకచిలుకల్ని గుర్తుపట్టడం, అవి కొత్త చోట్లకి పాకుతున్నాయేమో చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడిందంటే చాలు, ఎవరో ఒకరు ఫొటో పంపి "ఇదేంటండీ" అని అడుగుతారు, దసరా దాకా ఇదే వరస. అడిగేవి తిప్పి తిప్పి అవే ప్రశ్నలు కాబట్టి అన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. ఆంధ్ర, తెలంగాణల్లో మామూలుగా కనిపించేవాటి గురించే ఎక్కువ రాశాను, అమెరికాలో ఉన్నవాళ్ళు అడిగేది కూడా చివర్లో ఉంది. పేర్లు మాత్రం ఫీల్డ్‌లో అందరం వాడే ఇంగ్లీషు పేర్లే.

ఇది సీతాకోకచిలుకా, మాత్ (చిమ్మట) అనే పురుగా? ఎలా తెలుస్తుంది?

మీసాలు చూడండి. సన్నగా సాగి చివర చిన్న ఉండలా ఉబ్బి ఉంటే సీతాకోకచిలుక, దారంలాగానో దువ్వెన పళ్ళలాగానో ఉంటే మాత్. స్కిప్పర్లు అని పొట్టిగా లావుగా ఉండేవి కొన్నున్నాయి, వాటి మీసాల చివర కొక్కెంలా వంగి ఉంటుంది, అవి కూడా సీతాకోకలే. పగలు తిరిగేది సీతాకోక, రాత్రి తిరిగేది మాత్ అనే లెక్క మాత్రం పట్టుకోకండి, పగలు తిరిగే రంగురంగుల మాత్‌లు బోలెడు, అలాగే కామన్ ఈవెనింగ్ బ్రౌన్ అనే సీతాకోక మునిమాపు వేళ తిరుగుతూ లైట్ దగ్గరికి వచ్చి మన హాల్లో గోడకి అతుక్కుంటుంది.

ఫొటో ఎలా తీయాలి? పంపినవి చాలా వరకు "తెలీదు" అని తిరిగొస్తున్నాయి.

ఎక్కువమంది రెక్కలు విప్పినప్పుడు అందంగా ఉంది కదా అని పైవైపు ఒక్కటే తీస్తారు, కానీ చాలా జాతుల్ని పట్టిచ్చేది కిందివైపు. అంటే రెక్కలు మూసుకుని కూర్చున్నప్పుడు పక్కనుంచి కనిపించేది. రెండూ కావాలి. ముందు దూరం నుంచే ఒకటి తీసేసుకోండి, బాగోకపోయినా పర్లేదు, ఆ తర్వాత మెల్లగా దగ్గరికి వెళ్ళండి, మీ నీడ దాని మీద పడితే మాత్రం లేచిపోతుంది. రెక్క ఎంత చదునుగా కనిపిస్తే అంత మంచిది, ఏటవాలుగా తీస్తే చుక్కలు లెక్కపెట్టలేం. అది వాలిన మొక్క కూడా ఒక ఫొటో తీయండి, ఆడది పొట్ట వంచి ఆకుకి ఆనిస్తుంటే ఇంకా మంచిది, గుడ్డు పెడుతోందన్నమాట, దాంతో సగం పని అయిపోయినట్టే.

పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు లోపు వెళ్ళండి. మధ్యాహ్నం ఎండలో అవి ఆగవు, మనమూ ఆగలేం.

ఆరెంజ్ రంగు, నల్ల అంచులు, తెల్ల చుక్కలు. యాప్ "మొనార్క్" అంటోంది. నిజమేనా?

కాదు. ఇది అన్నిటికంటే ఎక్కువ వచ్చే ప్రశ్న కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. ఫోన్ యాప్‌లు అమెరికా ఫొటోలు ఎక్కువ చూసి నేర్చుకున్నాయి, ఆరెంజ్ కనిపిస్తే అక్కడి మొనార్క్ సీతాకోక అనేస్తాయి. మన దగ్గర ఆ వేషంలో ముఖ్యంగా మూడు తిరుగుతాయి.

రెక్కలో ఈనెలన్నీ నల్లగా గీతలు గీసినట్టు ఉంటే అది స్ట్రైప్డ్ టైగర్. యాప్ ఎక్కువగా మోసపోయేది దీని దగ్గరే. ఈనెలు నల్లగా లేకుండా సాదా ఆరెంజ్‌గా ఉండి, వెనక రెక్క మధ్యలో మూడు నాలుగు నల్ల చుక్కలు ఉంటే ప్లెయిన్ టైగర్. దీని గొంగళిపురుగు జిల్లేడు తింటుంది, జిల్లేడు పాలల్లో ఉన్న విషం ఒంట్లో దాచుకుంటుంది, అందుకే పిట్టలు దీన్ని ఒకసారి నోట పెట్టుకుంటే మళ్ళీ దాని జోలికి పోవు. మూడోది అసలు దొంగ, డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. దీనికి విషం లేదు గిషం లేదు, ప్లెయిన్ టైగర్ వేషం వేసుకుని బతికేస్తుంది. వెనక రెక్క మీద పై అంచు దగ్గర ఒకే ఒక్క నల్ల చుక్క ఉంటుంది, పట్టుకోవాల్సింది అక్కడే. దీని మగది చూస్తే ఒకే జాతి అంటే నమ్మరు, నల్లటి రెక్కల మీద పెద్ద పెద్ద తెల్లమచ్చలు, చుట్టూ నీలం మెరుపు. వీటి గొంగళిపురుగులు గంగవాయిలి కూర తింటాయి, అదే కోస్తాలో పావిలి కూర అంటారు కదా అది. పెరట్లో ఆ కూర ఉంటే వాన తర్వాత ఆకులు తిరగేసి చూడండి.

నల్ల రెక్కలు, ఎర్ర మచ్చలు, తోక ఉంది. కామన్ రోజా, క్రిమ్సన్ రోజా, మార్మనా?

రెక్కలు పక్కన పెట్టి ఒళ్ళు చూడండి. ఒళ్ళు ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే కామన్ మార్మన్ ఆడది. వెనక రెక్క మధ్యలో తెల్లమచ్చ ఉంటే కామన్ రోజ్. వెనక రెక్కలో తెలుపు లేకుండా ఎర్ర మచ్చలే ఉండి, ముందు రెక్కలో తెల్ల పట్టీలు ఉంటే క్రిమ్సన్ రోజ్. మార్మన్ ఆడవాటిలో మూడు రూపాలు, ఒకటి మగదానిలా ఉంటుంది, ఒకటి కామన్ రోజ్‌లా, ఇంకోటి క్రిమ్సన్ రోజ్‌లా. ఒకే తల్లి గుడ్లలోంచి వేరు వేరు రూపాలు రావచ్చు. రోజ్‌లు తినేది ఈశ్వరి తీగ, గాడిదగడపాకు లాంటి విషపు మొక్కలు, మార్మన్ తినేదేమో మన కరివేపాకు. విషం వాళ్ళది, పేరు వీళ్ళది.

చిన్న చిన్న పసుపువి, నీలంవి అస్సలు అర్థం కావట్లేదు.

ఎవరికీ సులువుగా అర్థం కావు, సిగ్గుపడక్కర్లేదు. పసుపు గ్రాస్ యెల్లోల్లో ముందు రెక్క కిందివైపు, మొదలు దగ్గర చిన్న గోధుమరంగు గుర్తులు ఉంటాయి, రెండుంటే కామన్ గ్రాస్ యెల్లో, మూడుంటే త్రీ స్పాట్. అవి కనిపించని ఫొటో అయితే "గ్రాస్ యెల్లో" అని ఆపేయండి. నీలంవాటిలో గడ్డిలో తిరిగే గ్రాస్ బ్లూలే నాలుగు రకాలు, అన్నీ గోరంత సైజు. కంది చేలో, చిక్కుడు పాదు మీద కనిపించి, చిన్న తోక ఉండి, కిందివైపు సన్నటి అలల గీతలు, అంచుకి కాస్త లోపలగా వెడల్పాటి తెల్ల పట్టీ ఉంటే పీ బ్లూ, అది ఒక్కటి తేలిక. మిగతావి జాతి పేరు రాయకుండా గ్రూప్ పేరుతో వదిలెయ్యడమే మేలు. తప్పు పేరుతో ఉన్న రికార్డు కంటే సగం పేరుతో ఉన్న రికార్డు వెయ్యి రెట్లు నయం, ఎందుకంటే మ్యాప్ మీద ఒక తప్పు చుక్క పడితే దాన్ని తీయడానికి ఏళ్ళు పడుతుంది.

ఆగస్టులో చూసినదే ఫిబ్రవరిలో వేరేలా ఉంది. వేరే జాతా?

అదే అయి ఉండొచ్చు. కామన్ ఈవెనింగ్ బ్రౌన్, పీకాక్ పాన్సీ లాంటివాటికి వానాకాలం వేషం ఒకటి, ఎండాకాలం వేషం ఇంకోటి. వానల్లో రెక్క కింద కళ్ళలాంటి చుక్కలు స్పష్టంగా ఉంటాయి, ఎండు రోజుల్లో ఆ చుక్కలు మాయమై రెక్క అంచు కోసుగా మారి అచ్చం ఎండుటాకులా ఉంటుంది. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తగిలిన వేడిని బట్టి ఇది తేలుతుంది. అందుకే పేరు అడిగేటప్పుడు తేదీ చెప్పడం మర్చిపోకండి.

మా ఊళ్ళో సీతాకోకలే లేవు, ఎక్కడ వెతకాలి?

పూల దగ్గర కాదు, ఆకుల దగ్గర వెతకండి. తేనె ఏ పువ్వులోనైనా తాగుతాయి, గుడ్లు మాత్రం ఏ మొక్క మీద పడితే ఆ మొక్క మీద పెట్టవు, పిల్ల తినేదాని మీదే పెడతాయి. గన్నేరు మీద కామన్ క్రో, ఆముదం మీద కామన్ కాస్టర్, తంగేడు, రేల చెట్ల మీద ఎమిగ్రెంట్లు, సీతాఫలం, నరమామిడి మీద టెయిల్డ్ జే, మామిడి ఆకు మీద కామన్ బ్యారన్. మామిడి కొమ్మ మీద బదనిక పెరిగితే రైతు తిట్టుకుంటాడు, కామన్ జెజెబెల్ మాత్రం దాని కోసమే వస్తుంది. కరివేపాకు మీద పిట్ట రెట్టలా ఏదైనా కనిపిస్తే తుడిచెయ్యకండి, అది లైమ్ బటర్‌ఫ్లైదో మార్మన్‌దో చిన్న గొంగళిపురుగు.

తడి ఇసుక, చెరువు గట్టు బురద కూడా చూడండి, మగవి అక్కడ గుంపుగా చేరి ఉప్పు పీల్చుకుంటాయి. గడ్డి చామంతి పూసిన ఖాళీ ప్లాటు ఒకటి చాలు, పెద్ద పార్కు అక్కర్లేదు. మందు కొట్టి గడ్డి నున్నగా కత్తిరించిన గేటెడ్ కమ్యూనిటీ లాన్‌లో వెతికి "లేవండీ" అంటే ఏం చెప్తాం.

ఒక జాతి కొత్త ప్రాంతానికి పాకిందని ఎలా తేలుస్తారు? మా జిల్లాలో మొదటిసారి నేనే చూశాను, అంటే పాకినట్టేనా?

ఇదే నాకు బాగా ఇష్టమైన ప్రశ్న, ఇక్కడే అందరం తొందరపడతాం కూడా.

వెబ్‌సైట్లలో కనిపించే చుక్కల మ్యాప్ నిజానికి సీతాకోకలు ఎక్కడున్నాయో చూపించే మ్యాప్ కాదు, చూసి రాసేవాళ్ళు ఎక్కడున్నారో చూపించే మ్యాప్. హైదరాబాద్, విశాఖ చుట్టూ చుక్కలు కిక్కిరిసి ఉంటాయి, వీకెండ్‌లో జనం వెళ్ళే అనంతగిరి, అరకు, మారేడుమిల్లి రోడ్ల వెంబడి ఉంటాయి, ఆ రోడ్డు దిగి ఇరవై కిలోమీటర్లు లోపలికి పోతే ఖాళీ. ఆ ఖాళీలో సీతాకోక లేక కాదు, ఫోన్ పట్టుకుని వెళ్ళినవాడు లేక. కాబట్టి మీ జిల్లాలో మొదటి రికార్డు అంటే చాలాసార్లు అర్థం "ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు" అనే. దానికి విలువ లేదని కాదు, ఉంది, కానీ "విస్తరించింది" అనే మాట వాడాలంటే ఇంకో మూడు విషయాలు తేలాలి. ఒకటి, ఇంతకుముందు అక్కడ బాగా వెతికినవాళ్ళు ఉండి, వెతికినా అది దొరకలేదని రాసి ఉండాలి. రెండు, అక్కడ అది పుడుతూ ఉండాలి, అంటే గుడ్డో గొంగళిపురుగో ప్యూపానో (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశ) కనిపించాలి, గాలివాటుకి కొట్టుకొచ్చినది ఒకటి కనిపిస్తే చాలదు. మూడు, మరుసటేడు, ఆ పై ఏడు కూడా ఉండాలి. ఈ మూడిట్లో మొదటిదే దొరకదు, ఎందుకంటే కనిపించనివాటిని ఎవరూ రాయరు కదా.

రెక్కలు కూడా చూడండి. కొత్తగా పొడి రాలకుండా నిగనిగలాడుతుంటే దగ్గర్లోనే పుట్టిందని అనుకోవచ్చు, అంచులు చిరిగి వెలిసిపోయి ఉంటే ఎక్కడినుంచైనా వచ్చి ఉండొచ్చు. ఇది రుజువు కాదు, క్లూ.

నిజంగా పాకినవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, చాలావాటి వెనక మన మొక్కల పిచ్చే ఉంది. రెడ్ పియరో తీసుకోండి, నలుపు తెలుపు మీద వెనక రెక్కలో ఎర్రటి మచ్చ, చిన్నది, చాలా ముద్దుగా ఉంటుంది. దీని పురుగు రణపాల, కలాంచో ఆకుల లోపల దూరి గుజ్జు తింటూ పెరుగుతుంది. దక్షిణాదిలో, ఈశాన్య కొండల్లో ఉండే ఈ జాతి తర్వాత తర్వాత ఢిల్లీ, డెహ్రాడూన్ వైపు కూడా కనిపించడం మొదలైంది. అక్కడ ఇళ్ళల్లో కుండీల్లో కలాంచో పెంచడమే దానికి దారి వేసిందని చూసినవాళ్ళు రాశారు. రణపాల ఆకు మీద తెల్లగా పొరలా బుడగ కట్టినట్టు ఉంటే నర్సరీవాడు ఫంగస్ అంటాడు, వెలుగుకి పెట్టి చూడండి, లోపల పురుగు ఉండొచ్చు.

ప్లెయిన్స్ క్యూపిడ్ కథ కూడా ఇంతే, శాస్త్రీయ నామంలో పాండవ అని ఉంటుంది, అదీ దేశాలు పట్టుకు తిరిగింది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పెట్టే సైకాస్ మొక్కల లేత ఆకులే దాని తిండి. ఆ మొక్కల వ్యాపారంతో పాటు అరబ్ ఎమిరేట్స్ దాకా, మారిషస్ దాకా చేరింది.

టానీ కోస్టర్ అసలు ఇండియా, శ్రీలంకలది, రత్నపురుష, పాషన్ ఫ్లవర్ తీగలు తింటుంది, బద్ధకంగా ఎగురుతుంది, చూస్తే ఇది పక్క ఊరు కూడా పోదనిపిస్తుంది. అలాంటిది 1980ల్లో థాయిలాండ్‌లో కనిపించింది, మలేషియా దాటి 2006లో సింగపూర్, ఇండోనేషియా దీవుల మీదుగా 2012లో ఆస్ట్రేలియాలో డార్విన్ దగ్గర తేలింది. మన కరివేపాకు తినే లైమ్ బటర్‌ఫ్లై 2004లో డొమినికన్ రిపబ్లిక్‌లో దొరికింది, అక్కడి నుంచి చుట్టుపక్కల కరీబియన్ దీవులకి పోయింది, నిమ్మ, నారింజ తోటలవాళ్ళకి అది ముచ్చట కాదు, తలనొప్పి.

ఇదంతా వాతావరణం వేడెక్కడం వల్లేనా?

కొన్నిచోట్ల అవును, అన్నిచోట్లా కాదు. పైన చెప్పినవి ఎక్కువగా మొక్కల వల్ల. వేడి వల్ల కదిలిందని గట్టిగా చూపించింది యూరప్ లెక్కలు, ఎందుకంటే అక్కడ వందేళ్ళ పాత రికార్డులున్నాయి. కామిల్ పార్మెసాన్ అనే శాస్త్రవేత్త, ఆవిడతో పనిచేసినవాళ్ళు 1999లో వలస పోని 35 యూరప్ జాతుల్ని చూస్తే, వాటిలో 63 శాతం ఆ శతాబ్దంలో 35 నుంచి 240 కి.మీ. దాకా ఉత్తరానికి జరిగాయి, దక్షిణానికి జరిగింది 3 శాతమే. స్పెయిన్‌లో గ్వాడరామా కొండల్లో 1967-73 లెక్కని 2004 లెక్కతో పోలిస్తే, 16 జాతుల కింది హద్దు సగటున 212 మీటర్లు పైకి పోయింది. కొండ పైకి పోతే తప్పేంటి అంటారా, పైకి పోయేకొద్దీ చోటు తగ్గిపోతుంది. మన తూర్పు కనుమలు ఎంత ఎత్తైన చోటైనా 1,700 మీటర్ల లోపే ఆగిపోతాయి. అరకు, పాడేరు వైపు చల్లటి చోట్ల మాత్రమే ఉండేవి ఏ ఎత్తులో కనిపించాయో ఇప్పుడే రాసిపెట్టకపోతే, ఇంకో ముప్పై ఏళ్ళకి పోల్చుకోడానికి ఏమీ ఉండదు. కాబట్టి కొండల్లో తిరిగేవాళ్ళు దయచేసి ఎత్తు కూడా నోట్ చెయ్యండి, ఫోన్‌లో వస్తుంది.

నీలం చారలవి వందలకొద్దీ ఒకే దిక్కుకి పోతున్నాయి. ఇది కూడా విస్తరణేనా?

కాదు, వలస. బ్లూ టైగర్, డార్క్ బ్లూ టైగర్, వాటితో పాటు కామన్ క్రో లాంటి క్రో సీతాకోకలు. దక్షిణాదిలో ఏప్రిల్ నుంచి జూన్ లోపు, పెద్ద వానలు దిగకముందే పడమటి కనుమల నుంచి తూర్పుకి వస్తాయి, అక్టోబర్, నవంబర్‌లో తిరిగి పడమరకి పోతాయి. రెండిట్లో చారలు వెడల్పుగా లేతగా ఉంటే బ్లూ టైగర్, సన్నగా ఉండి నలుపు ఎక్కువైతే డార్క్ బ్లూ. వలస కనిపిస్తే ఫొటోల కంటే ముందు ఒక చోట నిలబడి, రెండు చెట్ల మధ్య గీత ఉందనుకుని, ఐదు నిమిషాల్లో ఆ గీత ఎన్ని దాటాయి, ఏ దిక్కుకి, గాలి ఎటునుంచి అనేది రాయండి. ఎండిన జనుము మొక్కల మీద ఇవి గుంపుగా వాలితే అదేం వింత కాదు, మగవి ఆ మొక్కల్లో రసాయనాలు పీల్చుకోడానికి వస్తాయి.

సరే, నేను ఏం రాయాలి? ఎక్కడ పెట్టాలి?

తేదీ, టైము, చోటు, ఎన్ని, ఏం చేస్తోంది. అంతే. ఇంకొంచెం ఓపికుంటే ఒక దారి పెట్టుకోండి, మీ వీధి చివర నుంచి చెరువు దాకా అనుకోండి, వారం వారం అదే దారిలో అదే వేగంతో నడుస్తూ రెండు పక్కలా రెండున్నర మీటర్లు, ముందు ఐదు మీటర్ల లోపు కనిపించినవి మాత్రమే లెక్కపెట్టండి. బ్రిటన్‌లో 1976 నుంచి ఇదే పద్ధతిలో లెక్కలు నడుస్తున్నాయి, పొలార్డ్ వాక్ అంటారు. వెళ్ళి ఏమీ కనిపించకపోతే సున్నా అని రాయండి. ఆ సున్నా లేకపోతే పైన చెప్పిన మూడిట్లో మొదటిది ఎప్పటికీ తేలదు.

పెట్టడానికి ఐనాచురలిస్ట్ ఉంది, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ ఉంది, బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్ ఉంది, మూడోదాంట్లో ఫొటోలు నిపుణులు చూశాకే ఎక్కుతాయి. సెప్టెంబర్‌లో బిగ్ బటర్‌ఫ్లై మంత్ అని దేశమంతా లెక్క పెడతారు, కొత్తవాళ్ళు మొదలుపెట్టడానికి మంచి టైము.

రోజూ కనిపించే ఎమిగ్రెంట్, కామన్ క్రో రాస్తే ఏం లాభం? అరుదైనవే రాస్తే చాలదా?

చాలదు. అమెరికాలో మాసచూసెట్స్ బటర్‌ఫ్లై క్లబ్ అని సరదాగా తిరిగే మామూలు జనం, 1992 నుంచి 2010 దాకా ప్రతి ట్రిప్‌లో చూసినవన్నీ లిస్టు రాసుకున్నారు. ఆ లిస్టుల్నే తీసుకుని పరిశోధకులు చూస్తే, జయంట్ స్వాలోటెయిల్ లాంటి దక్షిణాది జాతులు పెరుగుతున్నాయని, చల్లదనం కావాల్సిన ఉత్తరాది ఫ్రిటిలరీ సీతాకోకలు తగ్గుతున్నాయని తేలింది. ఆరోజు లిస్టు ఎంత పొడుగుందో చూస్తే ఎంత శ్రద్ధగా వెతికారో అంచనా వస్తుంది, దాన్నిబట్టి లేనివి నిజంగా లేవా అనేది తేల్చారు. వాళ్ళు అరుదైనవి మాత్రమే రాసుకుని ఉంటే ఈ లెక్క వచ్చేది కాదు. నన్నడిగితే, ఒక్క అరుదైన ఫొటో కోసం మూడొందల కిలోమీటర్లు పోయినవాడి కంటే ఇంటి వెనక దారిలో ఐదేళ్ళు క్రోలు లెక్కపెట్టినవాడి నోట్‌బుక్కే గొప్పది, లైకులు మాత్రం మొదటివాడికే వస్తాయనుకోండి.

పట్టుకోవచ్చా? పిల్లలు సీసాలో పెట్టి పెంచుతామంటున్నారు.

వల వేసి పట్టి పిన్ను గుచ్చడం వద్దు, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద కాపాడబడే జాతులు ఉన్నాయి, మీరు పట్టింది వాటిలో ఒకటి కాదని మీకెలా తెలుసు. కరివేపాకు మీద పురుగుని చూపించాలంటే మొక్క మీదే వదిలేసి కొమ్మకి పల్చటి దోమతెర కట్టండి, రోజూ చూడొచ్చు. సీతాకోక బయటికొచ్చాక తెర తీసెయ్యండి.

మేం డాలస్‌లో ఉంటాం, ఇక్కడ మొనార్క్‌ల కోసం మిల్క్‌వీడ్ పెట్టమంటున్నారు. ఏది పెట్టాలి?

మీ ప్రాంతపు నేటివ్ మిల్క్‌వీడ్ పెట్టండి. స్టోర్లలో సులువుగా దొరికే ఎర్ర పసుపు పూల ట్రాపికల్ మిల్క్‌వీడ్ వెచ్చటి చోట్ల చలికాలంలో కూడా పచ్చగా ఉండిపోతుంది, దాంతో దాని మీద ఒక పరాన్నజీవి పేరుకుని మొనార్క్‌లకి పడుతుంది, కొన్ని వలస పోకుండా ఆగిపోతాయి కూడా. ఇప్పటికే అది ఉంటే చలికాలానికి ముందు నేల దాకా కత్తిరించండి. మొనార్క్ మన ప్లెయిన్ టైగర్‌కి దగ్గరి చుట్టం, మిల్క్‌వీడ్ కూడా మన జిల్లేడు కుటుంబమే. టెక్సస్ మీదుగా మెక్సికో పోయే గుంపులు సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ దాకా కనిపిస్తాయి, అప్పుడు వాటికి కావాల్సింది మిల్క్‌వీడ్ కంటే తేనె ఉన్న పూలు.

పాత ఫోన్‌లో ఎప్పుడో తీసిన ఫొటోలున్నాయి, ఇప్పుడు పెడితే పనికొస్తాయా?

బ్రహ్మాండంగా పనికొస్తాయి, పాతవే ఎక్కువ కావాలి. అప్‌లోడ్ చేసిన రోజు కాకుండా తీసిన రోజు తేదీ పెట్టండి. చోటు సరిగ్గా గుర్తులేకపోతే మ్యాప్ మీద వలయం పెద్దది చేసి పెట్టండి, "ములుగు దగ్గర, పది కిలోమీటర్లు అటూ ఇటూ" అన్నా చాలు, ఊహించి పిన్ను గుచ్చకండి. వాట్సాప్‌లో పంపిన ఫొటోలో తేదీ, చోటు వివరాలు పోతాయి, అందుకని ఒరిజినల్ ఫైలే తీసుకోండి. ఎవరో ఫార్వర్డ్ చేసినది మీ పేరుతో పెట్టకండి, తీసినవాళ్ళనే పెట్టమని చెప్పండి.